రెండెకరాలు, ఒక బోరు, ఒక లెక్క

మా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, మండిలో రెండూ. అందుకే మా రాతలో మాట కలిసిపోతుంది, సర్దుకోండి.

ఈ ఏడు ఇంట్లో ఒక్కటే చర్చ: ఇంకో బోరు వేయించాల్నా, వద్దా? నంది పక్కన మాకుండేది రెండెకరాలు, అదీ మూడు తుంటలు. చిన్నాయన టమేటా, బీన్స్, కోసు పెడతాడు. బోరులో నీళ్ళు తగ్గినాయి. కొత్తది వేయించాలంటే కింది తుంట అమ్మాల. "నీళ్ళుంటే అన్నీ ఉన్నట్లే" అంటాడు ఆయన.

ఆ మాట కొట్టేసేది కాదు. పెన్న, పాలారు పుట్టేది మా కొండల వైపే అయినా, చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాదంతా పారే యేరు ఒక్కటీ లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటిపోతున్నాయి. బెంగుళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీళ్ళు శుద్ధి చేసి మా చెరువులకు పంపుతున్నారు గాని, అవి భూమిలోకి ఇంకేదానికే, నేరుగా తోటకు కాదు.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా చెడిపోతే అన్నీ ఒకేసారి మార్చము, ఒక్కొక్కటిగా చూస్తాము. అట్లనే చిన్నాయన నోటుబుక్కు ముందర పెట్టుకుని కూర్చున్నాము. 1957లో ఫారెల్ అనే ఆర్థికవేత్త సామర్థ్యాన్ని రెండుగా విడదీసినాడు. ఉన్న నీళ్ళు, ఎరువు, కూలితో ఎంత ఎక్కువ పండిస్తామనేది ఒకటి. ధరలు చూసి దేనికెంత పెట్టాలనేది రెండోది. మా లెక్కలో రెండూ బయటపడినాయి.

డ్రిప్పు ఉంది, అయితే బోరు నీళ్ళ ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకున్నాయి. ముందు సాళ్ళు తడుస్తాయి, చివరి సాళ్ళు ఎండుతాయి. ఎరువు కూడా ఆ పైపులోనే పోతుంది కాబట్టి, నష్టం రెండింతలు.

నారు సంగతీ అంతే. లేత మొక్కకు తెల్లదోమ వల్ల ఆకుముడత తగిలితే, తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా కాపు రాదు. వల కింద ట్రేల్లో పెంచిన నారుకు ఆ భయం తక్కువ. హెసరఘట్ట ఐఐహెచ్‌ఆర్ వాళ్ళ అర్క రక్షక్ లాంటి రకాలు ఆకుముడతను తట్టుకుంటాయి.

ఇక కూలి. మునుపు ముయ్యాళ్ళు ఉండేవాళ్ళు, ఈ రోజు మీ తోటలో, రేపు మా తోటలో. ఇప్పుడు కోత రెండు రోజులు ఆలస్యమైతే కాయ మెత్తబడి బాక్సు ధర పడిపోతుంది.

ధర చెప్పేదే వద్దు. 2023 జూలైలో కోలారు మండిలో 15 కేజీల బాక్సు రెండువేలు దాటింది. అది చూసి నాటినవాళ్ళ కాయ వచ్చేసరికి ధర నేలకు దిగింది. మూడు తుంటల్లో ఒకేసారి టమేటా పెట్టకుండా, వారాలు విడదీసి, పంట మార్చి పెట్టేది మేలు.

కొత్త బోరు వీటిలో ఒక్కదాన్నీ బాగుచేయదు. మూసుకున్న పైపులోకే ఇంకొన్ని నీళ్ళు వస్తాయి, అంతే.

చిన్నాయన అంతా విని, "లెక్క సరే, ఆ పైపులు కడిగేదెవరు?" అన్నాడు. దానికి నోటుబుక్కులో జవాబు లేదు. మేమందరమూ బెంగుళూరులో ఉద్యోగాల్లో ఉన్నాము, ఆయనకు మోకాళ్ళ నొప్పి. చిన్న రైతు సామర్థ్యం అంటే చివరికి ఇంట్లో ఎన్ని చేతులున్నాయనేదే.

వారం విడిచి వారం ఒకరు ఊరికి పోవాలని మాట అనుకున్నాము. ఈ పంట అయ్యేదాకా కింది తుంట అమ్మేది లేదు. ఈ శనివారం పైపుల వంతు మాది.