కట్టే చీర, దాచే చీర

మన ఇళ్లలో ఆడవాళ్ల బట్టలకు పెట్టే డబ్బులో పెద్ద వాటా ఏడాదికి రెండుసార్లు బీరువాలోంచి బయటికొచ్చే పట్టుచీరకే పోతుంది. పొద్దున్నే వంట ముగించి, బస్సెక్కి, బడిలోనో ఆఫీసులోనో పగలంతా నిలబడి, పొద్దుగూకాక ఇల్లు చేరే మనిషి ఒంటి మీదుండే చీరకో చుడీదార్‌కో మిగిలిందేదో సర్దుతాం. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. ఎన్ని రోజులు కడతామో దాన్నిబట్టి డబ్బు పెట్టాలి. పట్టు మీద నాకు కోపమేమీ లేదు, దాని వంతు చివర రావాలంటాను, అంతే.

నెలకు వెయ్యి చొప్పున ఏడాదికి 12,000 బట్టలకని పక్కన పెట్టగలిగిన ఉద్యోగిని ఉందనుకుందాం. అందులో 5,000 ఎండాకాలానికే ఇవ్వమంటాను. ఉగాది ముందు నుంచి మృగశిర కార్తె దాకా, వానలు ఆలస్యమైతే ఆ తర్వాత కూడా, మనకు నూలు బట్ట తప్ప గతి లేదు. ఇందులోనూ ఊరికో తీరు. కాకినాడ, విశాఖ వైపు చెమట ఒంటి మీదే నిలుస్తుంది కాబట్టి వెంకటగిరి లాంటి పలుచటి నేత హాయి. నిజామాబాద్, కరీంనగర్ పొడి ఎండలో కాస్త మందంగా ఉండే నారాయణపేట గళ్లచీర వడగాడ్పుకు అడ్డు నిలుస్తుంది. మంగళగిరి రెండు చోట్లా పనికొస్తుంది. ఒంట్లో బుటాలేవీ లేకుండా అంచుతోనే అందం తెచ్చుకునే చీర అది. ఏ బ్లౌజు మీదికైనా కలుస్తుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. పొందూరు ఖద్దరు ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లున్నారు. అక్కడి సన్న నూలుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేసి, చేత్తో వడుకుతారు. ఆ పని తెలిస్తే ధర ఎక్కువనిపించదు. అయినా మన 5,000లో అది ఇమడదు. రెండు మంగళగిరులు, రెండు మూడు కాటన్ కుర్తీలు ఇముడుతాయి.

నూలుచీరలు ఎండలు ముదిరాక కొనడం నాకు నచ్చదు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజు స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి 2015 నుంచి ఈ రోజును చేనేతకు కేటాయించారు. ఆ చుట్టుపక్కల చాలా ఊళ్లలో చేనేత ప్రదర్శనలు పెడతారు, సహకార సంఘాల దుకాణాల్లో తగ్గింపులూ దొరుకుతాయి. వచ్చే వేసవికి కావలసింది అప్పుడే తీసుకోవచ్చు. హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ ఉందో లేదో అడగండి. మరమగ్గం మీద నేసిన నకలుకు చేనేత ధర ఇవ్వడం మనకూ నష్టం, నేతగాడికీ అన్యాయం.

వానాకాలానికి కొత్తగా కొనవలసింది చాలా తక్కువ. నూలు ఆరదు, ముక్క వాసన వస్తుంది. క్రేప్, జార్జెట్, కాస్త ముదురు రంగులు, కుచ్చెళ్లకు బురద అంటినా జాడిస్తే పోయే రకాలు చాలు. అవి ప్రతి బీరువాలోనూ ఇప్పటికే ఉంటాయి.

డబ్బు కనపడకుండా కారిపోయేది చీర చుట్టూ ఉన్న ఖర్చుల్లో. ఫాల్, జిగ్‌జాగ్, లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి, రంగు కలిసే లంగా, కొంగు కుచ్చులు అన్నీ కలిస్తే ఎనిమిది వందల చీర కట్టుకునేసరికి పదిహేను వందలు దాటుతుంది. మగ్గం వర్క్ జోలికి వెళితే బ్లౌజే చీరను మించిపోతుంది. అందుకని 12,000లో 2,500 టైలర్ పేరనే రాసిపెట్టుకోవాలి. చీరచీరకూ బ్లౌజు కుట్టించే అలవాటు మానేసి నలుపు, మెరూన్, బాటిల్ గ్రీన్, బంగారు రంగుల్లో ఒంటికి సరిగ్గా పట్టే నాలుగు బ్లౌజులు కుట్టించుకుంటే సగానికి పైగా చీరలకు అవే సరిపోతాయి. కుట్టు లోపల అంగుళం గుడ్డ వదలమని తప్పకుండా చెప్పండి. రెండేళ్ల తర్వాత ఒళ్లు మారితే బ్లౌజు పారేయనక్కర్లేదు. డ్రెస్ మెటీరియల్ కాటన్ అయినా రేయాన్ అయినా ఒక రాత్రి నీళ్లలో నానేసి, ఆరేశాకే కుట్టడానికివ్వాలి. మొదటి ఉతుకులో కుంచించుకుపోయిన కుర్తీని ఏ టైలరూ పెంచలేడు.

ఆషాఢం సేల్ అందరికీ తెలిసిందే. మూఢమో ఆషాఢమో వస్తే పెళ్లిళ్లు ఆగుతాయి, బేరాలు పడిపోతాయి, దుకాణాలవాళ్లు ధరలు దించుతారు. దాన్ని వాడుకోవచ్చు, కాని ఏం కావాలో కాగితం మీద రాసుకుని వెళ్లాలి. సగం ధరకొచ్చినా కట్టనిది దండగే. నేనైతే ఆషాఢంలో టైలర్ దగ్గరికి వెళ్లడమే పెద్ద లాభమంటాను. శ్రావణం వచ్చిందంటే అతనికి ఊపిరాడదు. వరలక్ష్మీ వ్రతానికని ఇచ్చిన బ్లౌజు వినాయకచవితికి చేతికొస్తుంది.

ఇక పండగలకు మిగిలింది 4,500. వరలక్ష్మీ వ్రతం నుంచి సంక్రాంతి దాకా, మధ్యలో వచ్చే పెళ్లిళ్లతో సహా, ఇందులోనే జరగాలి. ఏటా ఒక్క మంచి చీర కొనండి. ఆ ఒక్కటీ గద్వాల సీకో అయితే మరీ మంచిది. గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచునూ కొంగునూ మగ్గం మీదే కలిపి నేస్తారు, ఆ పద్ధతిని కుప్పడం అంటారు. నిండు పేరంటంలో నిలబడే హుందాతనం ఉంటుంది, విస్తరి ముందు చెమటలు పట్టించదు. చలికాలానికి వేరే లెక్క అక్కర్లేదు. పట్టు కట్టుకోవడానికి హాయైన రోజులు అవే. ఉన్నవాటినే అప్పుడు కట్టండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీదుంటే జరీ విరుగుతుంది, కాబట్టి తీసి కట్టడమే వాటికీ మంచిది.

ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేసేవి పెట్టుబడి చీరలు. గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, సీమంతం, షష్టిపూర్తి, ఎక్కడికెళ్లినా బొట్టుపెట్టి ఒక చీర చేతిలో పెడతారు. దుకాణాల్లో వీటికి విడిగా ఒక అరే ఉంటుంది. రెండు మూడు వందలకు దొరికే పలుచటి సింథటిక్, ఇచ్చేవాళ్లూ కట్టరు, పుచ్చుకున్నవాళ్లూ కట్టరు. మరో ఇంటి శుభకార్యానికి అదే సంచిలో బయల్దేరుతుంది. ఏడాదికి పదిమందికి ఇలా పెట్టే డబ్బు చిన్నది కాదు, అదీ బట్టల పద్దులోంచే పోతుంది. ఆచారం మానమని అనను. పెట్టే చేతిలో ప్రేమ ఉంది, పుట్టింటి వాత్సల్యం ఉంది. అందరికీ చీరే పెట్టాలన్న పట్టుదలొక్కటే వదిలేద్దాం. దూరపు చుట్టాలకు మంచి కాటన్ జాకెట్టు ముక్క పెడితే కుట్టించుకుని వేసుకుంటారు. మిగిలిన డబ్బుతో అక్కకో, వదినకో, ఆడపడుచుకో ఎండాకాలం నాలుగు నెలలూ హాయిగా కట్టుకునే ఒక నేతచీర పెట్టండి. రంగు ఏది కావాలో ముందే ఫోన్ చేసి అడగండి, అందులో తప్పేమీ లేదు.