బండికి దీపం లేదా, బాబూ?

రాత్రి పదిగంటలకు షిఫ్టు మారే వేళ ఆదిత్యపూర్ రోడ్ల మీద మోటారు బండ్లకంటె సైకిళ్లే ముందు బయలుదేరుతాయి. ఖర్కాయీ నదికి అవతల జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారమూ, లారీల కర్మాగారమూ ఉన్నాయి. ఇవతలి ఒడ్డున ఆ లారీలకు కావలసిన విడిభాగాలు తయారుచేసే చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు వందల సంఖ్యలో ఉన్నాయి. అక్కడి కార్మికుడి సైకిలుకు వెనుక దీపం ఉండదు. హ్యాండిలుకు ఒక టిఫిను క్యారియరు, మెడకు ఒక మఫ్లరు, అంతే.

శీతకాలంలో ఒక రాత్రి గమ్హరియా వైపునుంచి ఇంటికి వస్తున్న ఇంజనీరుగారికి అటువంటి సైకిలొకటి కనిపించలేదు. కనిపించేసరికి అది కారు ముక్కుకు నాలుగు బారల దూరంలో ఉన్నది. ఆయన స్టీరింగు కుడికి తిప్పారు. సైకిలు హ్యాండిలు కారు రెక్కను రాసుకున్నది. మనిషి పక్కనున్న ఇసుకలో పడ్డాడు, టిఫిను క్యారియరు గిన్నెలుగా విడిపోయి రోడ్డు మీద దొర్లింది. దెబ్బ తగలలేదు. ఇంజనీరుగారు వణుకుతున్న చేతులతో అతన్ని లేవదీస్తుండగా అతడు ఆ కారువైపు చూచి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోగోరినట్లు హిందీలో అడిగాడు: “బండికి దీపం లేదా, బాబూ?”

రెండు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి.

ఆ కారు 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇద్దరు మాత్రమే కూర్చోగల, పైకప్పు మడిచి వేయగల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. ఇటలీ దేశస్థుడైన జొవాన్ని మికెలొట్టి దానికి రూపకల్పన చేశాడు. బానెట్టూ, రెక్కలూ, దీపాలూ అన్నీ కలిసి ఒకే మూతగా ముందుకు తెరుచుకుంటాయి. ముప్ఫై ఏళ్ల క్రితం కలకత్తాలో దీన్ని తుప్పుపట్టిన స్థితిలో కొన్నప్పుడు ఇంజనీరుగారి భార్య రెండు రోజులు మాట్లాడలేదట. అయితే ఆయన లెక్క ఆయనకున్నది. స్పిట్‌ఫైరుకు ఆధారమైన చట్రం ట్రయంఫ్ హెరాల్డుది. ఆ హెరాల్డునే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ వారు 1960లలో స్టాండర్డ్ హెరాల్డు పేరుతో తయారుచేశారు. కనుక పాత సామాను అంగళ్లలో ఓపికగా వెదికితే ఏదో ఒక భాగం దొరక్కపోదు. తండ్రి శ్రీకాకుళం జిల్లానుంచి ఉక్కు కర్మాగారపు పనికి వచ్చిన వలస కార్మికుడు; కొడుకు ఇంజనీరై, పదవీ విరమణ చేసి, ఈ ఎర్రకారును తుడుచుకుంటూ కూర్చున్నాడు. మనుషులకు ఇంతకంటె నిరపాయకరమైన వ్యసనం ఉంటుందా అని ఆ రాత్రివరకు అందరూ అనుకున్నారు.

మరునాడే ఆయన బజారుకు వెళ్లారు. ఆ కారు దీపాలు ఏడంగుళాల గుండ్రనివి. అద్దమూ, తంతువూ, అద్దం వెనుక ప్రతిఫలకమూ ఒకటిగా మూసివేసిన ‘సీల్డ్ బీమ్’ రకం. 1940 నమూనాలనుంచి అమెరికాలో వ్యాపించిన పద్ధతి అది. ఒకసారి మాడితే మొత్తం పారవేయవలసిందే. వాటి స్థానంలో బల్బు మార్చుకోగల హెచ్-4 హాలోజెన్ దీపాలు అదే కొలతలో దొరుకుతాయి. హెచ్-4 బల్బు 1971లో ఐరోపాలో వచ్చింది. ఒకే బుడ్డిలో దూరపు వెలుగుకొక తంతువు, డిప్పరు వెలుగుకొక తంతువు ఉంటాయి. మామూలుగా వాటి శక్తి 60, 55 వాట్లు. దుకాణదారు 100, 90 వాట్లవి చూపించి, “లారీవాళ్లంతా ఇవే పెట్టిస్తున్నారు” అన్నాడు. భయపడ్డ మనిషికి పెద్ద అంకె ఎంత ఊరటనిస్తుందో చెప్పనక్కరలేదు. ఆయన అవే కొన్నారు.

ఆ రాత్రి రోడ్డు పట్టపగలులా కనిపించింది. నాలుగు మైళ్లు పోయేసరికి డాష్‌బోర్డు కిందినుంచి మాడు వాసన వచ్చింది. లైటు స్విచ్చి ముట్టుకుంటే చేయి చురుక్కుమన్నది. అంతకంటె ఆయనను కలవరపెట్టినది మరొకటి. డిప్పరు వేసినప్పటికీ ఎదురుగా వస్తున్న సైకిలు మనుషులు ఒక్కొక్కరే చేయి అడ్డంపెట్టుకుని, దిగి, రోడ్డువారకు తప్పుకుంటున్నారు. మొన్న తనకు మనిషి కనిపించలేదు. నేడు ఆ మనుషులకే ఏమీ కనిపించడం లేదు.

ఆదిత్యపూర్‌లో లారీలకు వైరింగు చేసే ముసలి మిస్త్రీ ఒకడున్నాడు. అతనిదీ టెక్కలి ప్రాంతమే. చిన్నతనంలో మేనమామ వెంట వచ్చి ఇక్కడే తలనెరిసినవాడు. అతడు కొత్త బల్బులకేసి చూడనైనా చూడలేదు. వాటిని ఊడదీయించి, పాత దీపాలు బిగించి, వెలిగించి, వోల్టు మీటరు తీశాడు. బ్యాటరీ వద్ద 12.4 వోల్టులు. దీపం వెనుక 10.6.

“దీపానికి జబ్బు లేదు బాబూ. దీపందాకా వచ్చే దారికే జబ్బు. కుళాయి నీళ్లు సన్నంగా వస్తన్నాయని పెద్ద బాల్చీ పెడితే ఏటి లాభం?”

ఇంజనీరుగారు సిగ్గుపడ్డారు. లెక్క ఆయనకు తెలిసినదే. తంతువు దీపంలో వెలుగు వోల్టేజీతోపాటు సమంగా తగ్గదు. దాదాపు మూడున్నరవ ఘాతంతో పడిపోతుంది. వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు మూడు పదోవంతులు పోతుంది. ఈ కారులో సుమారు ఐదింట రెండు వంతుల వెలుగు తీగల్లోనే హరించుకుపోతున్నది. ఆనాటి ఎన్నో ఇంగ్లీషు కార్లలో దీపాల కరెంటంతా బ్యాటరీనుంచి డాష్‌బోర్డు స్విచ్చికి, అక్కడినుంచి స్టీరింగు పక్కనున్న డిప్పరు మీటకు, తిరిగి ముందుకు నడిచి దీపాన్ని చేరుతుంది. కొత్తలో అది పనిచేసింది. అర్ధశతాబ్ది గడిచాక ప్రతి అతుకులోనూ పచ్చని చిలుము చేరింది. కరెంటు తిరిగివెళ్లే ఎర్తు కొసలో తుప్పు చేరింది. ఆ దారిలోకి 90 వాట్ల బల్బులు రెండు దించితే స్విచ్చి మాడక ఏం చేస్తుంది? పైగా ఆ కారులో కరెంటు పుట్టించే డైనమో గరిష్ఠశక్తి 22 ఆంపియర్లు. దూరపు వెలుగు వేసిన రెండు 100 వాట్ల బల్బులే అందులో పదహారుకు పైగా మింగుతాయి. బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో ఇచ్చేది ఇంచుమించు సున్న.

వైద్యం చౌక. రెండు రిలేలు, రెండు ఫ్యూజులు, కొంత మందపాటి రాగితీగ. రిలే అంటే చిన్న కరెంటు తట్టగానే పెద్ద కరెంటుకు తలుపుతీసే ద్వారపాలకుడు. పాత స్విచ్చి ఇకమీద ఆ తలుపు తట్టడం మాత్రమే చేస్తుంది. దీపాల కరెంటు బ్యాటరీనుంచి ఫ్యూజుగుండా సూటిగా దీపానికి పోతుంది. ఒక్కొక్క దీపానికి ఎర్తు తీగ విడిగా వేశారు. ఈ పనికి ఒక మధ్యాహ్నం పట్టింది. దీపం వెనుక మీటరు 12.1 చూపింది.

హెచ్-4 దీపాలను ఆయన వదులుకోదలచలేదు. బల్బులు మాత్రం 60, 55 వాట్లవి తెప్పించారు. బొంబాయినుంచి కొడుకు ఫోనులో, “నాన్నా, ఇప్పుడంతా ఎల్.ఇ.డి.లే కదా, బల్బు తీసి అది పెట్టేస్తే సరి” అన్నాడు. వెంట్రుకంత తంతువు ఒక నిర్ణీత బిందువువద్ద ఉంటుందన్న లెక్కమీద మలచిన ప్రతిఫలకంలో మరో ఆకారపు దీపం పెడితే వెలుగు ఎటు చెదురుతుందో చెప్పలేమని ఆయన ఒప్పుకోలేదు. అప్పుడే మిస్త్రీ దుకాణపు దీపాల అద్దాన్ని వేలితో తడిమి, “దీని మీద బాణం లేదు బాబూ” అన్నాడు.

ఆ బాణం సంగతి చాలామంది ఎరుగరు. డిప్పరు వెలుగు రెండువైపులా సమానంగా ఉండదు. మనదేశంలో ఎడమవైపున నడుస్తాం గనుక వెలుగు అంచు ఎడమకు కొంత పైకి లేచి రోడ్డువారనున్న మనిషిని చూపాలి, కుడివైపున వంగి ఎదుటివాడి కన్నును కాపాడాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అటువంటి దీపపు అద్దం మీద, ఎదుట నిలిచి చూచేవానికి కుడికి చూపే బాణం గుర్తు ఉంటుంది. బాణం లేనిది కుడివైపు నడిచే దేశాలకు చేసినది. ఇంజనీరుగారు కొన్న జత వెలుగును సరిగా తలక్రిందులుగా పంచింది. ఇసుకలో పడిన మనిషి ఉండే ఎడమవారను చీకటిలో ఉంచి, ఎదుట వచ్చేవాళ్ల కళ్లలో పొడిచింది. పూర్వం మన లారీల దీపాల పైసగానికి నల్లరంగు పూసేవారు. అది మొరటు పద్ధతే గాని, దాని వెనుక ఉన్న దయ మొరటుది కాదు.

బాణం గుర్తున్న జత మద్రాసునుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. అంతవరకు ఆయన రాత్రిపూట కారు తీయలేదు.

చివరికి దీపాల వంపు సరిచేసే పని మిగిలింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, దీపానికి 8 మీటర్ల దూరాన, బండి కుడి అంచుకు అరమీటరు పక్కగా, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకుండా కాంతి కిందికి వంగి ఉండాలంటాయి. ఆయన టేపు పట్టి కొలిచి సుద్దతో గీత గీశారు. కొలతలు సరే, కన్నేది? భార్యను పిలిచారు. ఆవిడ శాలువ కప్పుకుని గీతమీద నిలబడింది. ఆవిడ కంటి ఎత్తు ఇంచుమించు మీటరున్నరే.

“ఇంకా కొడుతోందండీ.”

మర తిప్పారు.

“ఎడమది ఫరవాలేదు. కుడిది మరికొంచెం దించండి.”

ఆ రాత్రి పదింటికి ఆయన ఆవిడనే పక్కన కూర్చోబెట్టుకుని గమ్హరియా రోడ్డు పట్టారు. ఎడమవారనున్న ఇసుక, దానిమీది చక్రపు జాడలు, ముందు పోతున్న సైకిలు మడ్‌గార్డూ, దాన్ని తొక్కుతున్న మడమలూ ఎంతో దూరంనుంచే తేటగా కనిపించాయి. ఎదురుగా మరొక గుంపు వస్తున్నది. ఆయన డిప్పరు వేసి, వేగం తగ్గించి, వాళ్ల చేతులకేసి చూచారు. ఒక్కరూ చేయి ఎత్తలేదు. ఏదో మాట్లాడుకుంటూ, టిఫిను గిన్నెలు గలగలలాడించుకుంటూ కారు పక్కనుంచి సాగిపోయారు.