దాచుకోవడం, దొరకడం

తెలుగులో ‘దాచు’ అనే క్రియకు రెండు అర్థాలు. డబ్బు దాచుకున్నాడంటే జాగ్రత్తపరుడని మెచ్చుకుంటాం. విషయం దాచాడంటే కంటబడకుండా చేశాడని నొచ్చుకుంటాం. క్రియ ఒకటే, పని కూడా ఒకటే. తేడా అంతా ఆ తరువాత ఉంది. అవసరమైన నాడు తిరిగి తీయగలిగితే అది భద్రపరచడం, తీయలేకపోతే అది పోగొట్టుకోవడానికి మరో పేరు. కంప్యూటరులోని వ్రాతలకు నకళ్ళు ఉంచుకోవడం గురించి గత నాలుగైదేళ్ళుగా నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. అయినా వివరంగా వ్రాయడానికి కారణం ఉంది. మనలో చాలామంది వ్రాతలకు ఉన్న ఒకే ఒక్క నకలు ఎక్కడో ఒక డిస్కులోనో, ఎవరో ఉచితంగా ఇచ్చిన చోటులోనో ఉంటుందని నాకు తెలుసు.

మాది నందిగామ దగ్గరి పల్లె. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గాని, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. మా పెదనాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం ఆయనకు ఆరాధ్య గ్రంథం. అది చూసి, మన ఊళ్ళ మాటలు మనమూ పోగుచేయాలని సంకల్పించుకున్నారు. శుభలేఖల వెనుకవైపు ఖాళీగా ఉండే అట్టలను చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ మీద ఒక్కో మాట: గొర్రు, గుంటక, దంతె, జడ్డిగం. అర్థం, ఎవరి నోట విన్నదీ, ఏ ఊళ్ళో విన్నదీ. ఆ పని ముప్ఫై ఏళ్ళు సాగింది. తరువాత జగ్గయ్యపేటలో ఒక డీటీపీ వారి చేత అవన్నీ అక్షరానికొక ఫైలుగా కూర్పించి, ఆ ఫైళ్ళను ఇంటి కంప్యూటరులో పెట్టుకున్నారు. పుస్తకం వేయాలన్న కోరిక తీరకుండానే 2019లో కాలం చేశారు.

రెండేళ్ళ తరువాత ఆ కంప్యూటరు డిస్కు టకటకమని చప్పుడు చేయసాగింది. చీటీల పెట్టె తెరిస్తే అడుగు కట్టలను చెదలు తినేశాయి. డీటీపీ వారు ఒకసారి తీసి ఇచ్చిన అచ్చు ప్రతి, ఆయన పెన్సిలు దిద్దుబాట్లతో సహా, ‘ల’ అక్షరం దగ్గర ఆగిపోయింది. మూడు ఆధారాలు, మూడూ అసంపూర్ణమే.

ఇక్కడ కొంచెం జగ్గయ్యపేట సంగతి చెప్పాలి. ఒకప్పటి బేతవోలును వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర పట్టణంగా తీర్చాడు. ఆ ఊరి పక్కనున్న గుట్టను ధనంబోడు అంటారు. పేరులోనే ధనం ఉంది. నిజానికి అక్కడ ఉన్నది బౌద్ధ స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ పరిశీలన జరిపేనాటికే ఇటుకలూ, రాతి పలకలూ చాలావరకు తరలిపోయాయి. మిగిలినవాటిలో మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ధనం దాచారన్న పేరు నిలిచింది గాని, ఏమి దాచారో, ఎందుకు దాచారో చెప్పే జ్ఞాపకం ఊరికి మిగలలేదు. ‘దాచు’ రెండో అర్థానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

కాని ఆ గుట్ట మీదనే మొదటి అర్థానికి కూడా ఉదాహరణ దొరికింది. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరంలో, సిద్ధార్థుడనే శిల్పి తన కుటుంబంతో కలిసి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలిపాడు. నాగచంద్రుడి కుమారుడినని, కమ్మకరాష్ట్రంలోని నడతూరు తన తండ్రి ఊరని చెప్పుకున్నాడు. ఆ శాసనాన్ని ఒక్కచోట చెక్కి ఊరుకోలేదు. అదే శాసనం మూడు స్తంభాల మీద దొరికింది. ఒక స్తంభం మీద చెదిరిన అక్షరాన్ని మరొక స్తంభం మీద చూసుకోవచ్చు. ఆ శిల్పి ఏ ఉద్దేశంతో చేశాడో గాని, ఫలితం మాత్రం మనం కోరుకునేదే.

అయితే ఆ మూడు నకళ్ళలోనూ ఒక లోపం ఉంది. మూడూ ఒకే గుట్ట మీద ఉన్నాయి, మూడూ రాతి మీదనే ఉన్నాయి. ఇటుకల కోసం వచ్చినవాడి గునపానికి మూడూ ఒకటే. అమరావతిలో జరిగింది చూడండి. అక్కడి పాలరాతి వంటి సున్నపురాయి పలకలు ఎన్నో కట్టడాలకూ, సున్నపు బట్టీలకూ పోయాయి. కాలిన్ మెకంజీ 1797లో ఒకసారి చూసి, 1816లో చిత్రకారులతో మళ్ళీ వచ్చి బొమ్మలు వ్రాయించాడు. తరువాత పోయిన పలకలు కొన్ని ఈనాడు ఆ బొమ్మలలో మాత్రమే ఉన్నాయి. రాయి పోయింది, కాగితం నిలిచింది. కాగితం గట్టిదని కాదు, అది వేరే చోట ఉంది కనుక.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చెప్పేది కూడా ఇదే. మూడు నకళ్ళు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, కనీసం ఒకటి వేరే చోట ఉండాలి. సిద్ధార్థుడు మొదటి అంకె పాటించాడు. మెకంజీ బొమ్మలు మిగిలిన రెండింటినీ తీర్చాయి.

‘వేరే చోట’ అంటే ఎంత దూరం? మా బావగారు ఒక నకలు విజయవాడ సింగ్‌నగర్‌లోని వారింట ఉంచుదామన్నారు. నందిగామకు అది దూరమే కదా అని నేనూ అనుకున్నాను. ఆ ఆలోచన అమలు కాకముందే 2024 సెప్టెంబరు 1 వచ్చింది. ఇటు మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగింది. అటు బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. మరునాటికి ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అక్కయ్యవాళ్ళు మేడ మీద మూడు రోజులు గడిపారు. ఒకే వాన రెండు ఇళ్ళనూ ముంచగలిగితే అవి రెండు చోట్లు కావు. దూరాన్ని మైళ్ళలో కొలవకూడదు. ఒకే ఆపద రెండింటినీ తాకగలదా అన్నదే కొలత.

ఇక డిస్కు నుంచి వెలికితీసిన కథ. ఇది మీలో ఎవరికైనా రేపు అవసరం పడవచ్చు కనుక క్రమంగా చెబుతాను. చప్పుడు చేసే డిస్కును మళ్ళీ మళ్ళీ నడిపి చూడకూడదు. ప్రతి ప్రయత్నమూ దాని ఆయుష్షును తగ్గిస్తుంది. ముందుగా ఆపివేయాలి. లోపల భాగాలే చెడి ఉంటే దుమ్ము లేని గదిలో విప్పి బాగుచేసేవారికి అప్పగించడమే దారి. కొంతవరకైనా చదవగలుగుతుంటే, ఫైళ్ళ జోలికి పోకుండా మొత్తం డిస్కుకు ప్రతిబింబం తీసుకోవాలి. డీడీరెస్క్యూ అనే ఉచిత ఉపకరణం తేలికగా చదవగలిగిన భాగాలను ముందు తీసి, మొరాయించే భాగాలను చివరికి వదిలిపెడుతుంది. ఆ తరువాత ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ వంటివాటితో ఫైళ్ళను వెతకడమంతా ఆ ప్రతిబింబం మీదనే జరగాలి, అసలు డిస్కు మీద కాదు. పొరపాటున చెరిపిన ఫైలు విషయంలోనూ సూత్రం ఇదే. పాత రకం డిస్కులలో ఫైలు చెరిపితే సాధారణంగా దాని చిరునామా మాత్రమే పోతుంది, సరుకు అక్కడే ఉంటుంది, దాని మీద మరొకటి వ్రాసేవరకు. ఇప్పటి ఎస్ఎస్‌డీలు చాలావరకు చెరిపిన చోటును తామే శుభ్రం చేసుకుంటాయి. వాటి నుంచి తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు.

మా డిస్కు నుంచి చాలా ఫైళ్ళే వచ్చాయి. తెరిస్తే అంతా అర్థం లేని గుర్తులు. పాత ఫాంటు పద్ధతిలో కూర్చినవి కదా. యూనికోడులో తెలుగుకు 1991 నుంచి చోటు ఉన్నా, మన డీటీపీ లోకం ఆంగ్ల అక్షరాల చోట్లలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకుని చాలాకాలం నెట్టుకొచ్చింది. ఆ ఫాంటు లేని యంత్రంలో అది తెలుగే కాదు. పత్రికల సొంత ఫాంటులను యూనికోడులోకి మార్చి చూపిన ‘పద్మ’ మనలో పాతవారికి గుర్తుండే ఉంటుంది. అటువంటి మార్పిడి చేసుకుని, ఒత్తులు తారుమారైన చోట అచ్చు ప్రతితో పోల్చి, అచ్చు ప్రతిలో సందేహం వస్తే చీటీ చూసి, అక్షరం అక్షరం కుదుర్చుకున్నాను. బ్రౌను దొర పండితులను పెట్టి తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడని చదువుకున్నాం. ఆ పని కష్టం ఏమిటో అప్పుడు తెలిసింది. సంపూర్ణమైన ఒక్క ప్రతి లేనప్పుడు, అసంపూర్ణమైన మూడు ప్రతులు దాదాపు ఆ పని చేయగలవు.

దాదాపు అన్నాను. ‘వ’ అక్షరం మూడింటిలోనూ లేదు. అచ్చు ప్రతి అంతదాకా రాలేదు. ఆ చీటీలు పెట్టె అడుగున ఉండి చెదల పాలయ్యాయి. డిస్కు మీద ఆ ఫైలు ఉన్న చోటే చెడింది. మెట్ట సేద్యం వాన మీద బ్రతికేది. వానల పేర్లు, వరుపు గురించిన మాటలు, విత్తనాల సంగతులు అన్నీ ఆ అక్షరం కిందే చేర్చానని పెదనాన్నగారు ఒకసారి అన్నారు. పెద్దమ్మ దగ్గర కూర్చుని అడిగితే కొన్ని చెప్పింది. ‘వామి’ అనగానే, తమ పుట్టింటి వామి మీదెక్కి జారిన సంగతితో సహా. ఆమె చెప్పినవి ఆమె పేరుతోనే చేర్చాను. తక్కినవి పోయాయి.

ఆ తరువాత నేను ఏర్పరచుకున్న పద్ధతి ఇది. పదకోశమంతా యూనికోడులో, ఏ ప్రత్యేక సాఫ్టువేరూ అక్కరలేని మామూలు పాఠంగా ఉంది. ఒక నకలు హైదరాబాదులో నా కంప్యూటరులో ఉంది. ఒకటి బయటి డిస్కులో ఉంది. నకలు తీసే వేళ తప్ప ఆ డిస్కును కంప్యూటరుకు తగిలించను. ఎందుకంటే, నిత్యం తగిలి ఉన్న నకలు యజమానికి పట్టిన జబ్బునే తానూ తెచ్చుకుంటుంది. 2017 మేలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికి కూడా సోకింది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయే జమిలి ఏర్పాటు సౌకర్యమే గాని, పాత ప్రతులను విడిగా ఉంచకపోతే రక్షణ కాదు. మూడో నకలు మబ్బులో, అంటే దూరాన ఒక అద్దె సర్వరులో ఉంది. అది కూడా శాశ్వతమని నమ్మను. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఆగిపోయినా ఎన్నో తెలుగు పుస్తకాలు దక్కాయంటే, ఇంటర్నెట్ ఆర్కైవులో వాటి నకళ్ళు ఉండబట్టే. ఆ ఆర్కైవు సైతం 2024 అక్టోబరులో దాడికి గురై కొన్ని రోజులు అందకుండా పోయింది. నాలుగోది కాగితం. మంచి కాగితం మీద అచ్చు తీయించి, పెద్దమ్మ ఇంట ఇనుప బీరువా పై అరలో పెట్టాను.

నకళ్ళు ఉంటే చాలదు, పరీక్షించాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసును చెరిపేస్తే, వారు ఏర్పాటు చేసుకున్న ఐదు రకాల నకళ్ళలో ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయలేదు. అంతకు ఆరు గంటల ముందు అనుకోకుండా తీసిన ఒక ప్రతి వారిని గట్టెక్కించింది. అందుకే ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ దసరాకూ, ఒక్కో నకలునూ వేరే కంప్యూటరులో తెరిచి చూస్తాను. తెరిచి చూడని నకలు ధనంబోడు వంటిది. ధనం ఉందన్న పేరే గాని, ఉన్నదేమిటో ఎవరికీ తెలియదు.

మొన్న దసరాకు ఆ పని చేస్తూ ఉంటే పెద్దమ్మ పక్కన కూర్చుని చాలాసేపు చూసింది.

“ఇన్ని చోట్ల పెట్టావు సరే. నువ్వు ఊళ్ళో లేనప్పుడు మాకు కావాలంటే ఎవరు తీస్తార్రా?” అని అడిగింది.

నాకు తెలిసిన సూత్రాలు వేటిలోనూ ఈ ప్రశ్న లేదు. సంకేతపదాలన్నీ నా ఒక్కడి బుర్రలోనే ఉన్నాయి. ఆ సాయంత్రమే ఒక తెల్లకాగితం మీద ఏది ఎక్కడ ఉందో, ఎలా తెరవాలో, సంకేతపదం ఏమిటో తెలుగులో, పెద్ద అక్షరాలతో వ్రాశాను. అక్కయ్య కూతురు ఇంటరు చదువుతోంది. ఆ పిల్ల చేతికి కాగితం ఇచ్చి, నేను పక్కకు తప్పుకుని, ఏమీ చెప్పకుండా తీయమన్నాను. పావుగంట పట్టింది. మొదట ‘జడ్డిగం’ వెతికింది. “ఇదేమిటి మామయ్యా?” అంది. గొర్రు మీద విత్తనాలు పోసే చెక్క గిన్నె అని నేను చెప్పబోయేలోగా, తాతగారి మాటల్లో తెర మీద తానే చదువుకుంది.