దాత వెళ్లిపోయాక నిలిచేది

ముంబై కాలాఘోడాలోని డేవిడ్ ససూన్ గ్రంథాలయంలో అడుగుపెట్టగానే దాత పాలరాతి విగ్రహం ఎదురవుతుంది. మేడమీది వరండాలో పడక కుర్చీల్లో పాఠకులు చదువుకుంటున్నారు. బాగ్దాద్ పాలకుల వేధింపులు తాళలేక 1830ల్లో బొంబాయి చేరిన యూదు వ్యాపారి డేవిడ్ ససూన్. రాబడిలో పదో వంతు దానానికి తీసిపెట్టడం ఆయన సంప్రదాయంలో దయ కాదు, విధి. టంకశాల, ఓడల కర్మాగారాల్లో పనిచేసే యువకులు 1847లో పెట్టుకున్న పఠన సంఘానికి ఆయన 60,000 రూపాయలిచ్చారు. 1870లో ఈ భవనం పూర్తయింది. కూతవేటు దూరంలో ఉన్న నీలిరంగు కెనెసెత్ ఎలియాహూ ప్రార్థనా మందిరాన్ని మనవడు జేకబ్ తండ్రి పేర 1884లో కట్టించాడు. సొంత వారికి మందిరం, ఊరందరికీ గ్రంథాలయం: ఈ కుటుంబం రెండు బాధ్యతలనూ మోసింది.

దానం విలువ తేలేది దాత పట్టు సడలాకనే అని ఈ కట్టడాలు చూశాక నాకు గట్టిగా అనిపించింది. భాయ్‌ఖలాలో యూదు పిల్లల కోసం వెలసిన జేకబ్ ససూన్ బడిలో ఇప్పుడు చదివేది దాదాపు అందరూ ముస్లిం పిల్లలే. యూదుల్లో ఎక్కువమంది 1948 తర్వాత ఇజ్రాయెల్‌కూ ఇతర దేశాలకూ వెళ్లిపోయారు, బడి మాత్రం మూతపడలేదు. పుణెలో 1867లో మొదలైన ససూన్ ఆసుపత్రి నేడు ప్రభుత్వ పెద్దాసుపత్రి. ఎరవాడ జైల్లో ఖైదీగా ఉన్న గాంధీజీకి 1924 జనవరిలో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది అక్కడే.

ససూన్ కుటుంబ సంపదలో పెద్ద భాగం చైనాకు నల్లమందు అమ్మి కూడబెట్టింది కదా అన్న అభ్యంతరం బలమైనది, దాన్ని దాటవేయకూడదు. ఆ మత్తుకు చితికిపోయిన కుటుంబాలకు బొంబాయిలో కట్టిన గ్రంథాలయం పరిహారం కాదు. అలాగని ఆ పాపం చూపి, పుణెలో రోగికి అందే వైద్యాన్ని కాదనలేం. అప్పు ఒక పద్దు, దానం మరో పద్దు. ఒకదానితో మరొకటి చెల్లువేయకుండా రెండూ రాసి ఉంచడమే న్యాయం. బిరుదుల కోసం, ఆంగ్లేయుల మెప్పు కోసం ఇచ్చారనే వారూ ఉన్నారు. కీర్తి కాంక్ష ఉండే ఉంటుంది. అయితే కీర్తి కోరిన చెయ్యి కట్టిన తలుపు ఎవరికి తెరుచుకుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. నేటి వ్యాపార కుటుంబాలు ఇచ్చే ప్రతి విరాళాన్నీ అదే అడగాలి: మీ వంశం తప్పుకున్నాక, మీవాళ్లు కానివాళ్లకు ఇది పనికొస్తుందా? దానితో పాటు, ఈ డబ్బు ఎక్కడిదో కూడా అదే శిలాఫలకం మీద చెప్పగలరా?