మాటకు మాట అతికితే

ఓస్లోలో ఏ కిరాణా దుకాణానికి వెళ్లినా పాల అరలో ‘షొకొలాడెమెల్క్’ డబ్బాలు ఉంటాయి. మిఠాయిల వరసలోకి నడిస్తే పసుపుపచ్చ కాగితం చుట్టుకున్న ‘మెల్కెషొకొలాడె’ కనిపిస్తుంది. మొదటిది చాక్లెట్ కలిపిన పాలు. రెండోది పాలతో చేసిన చాక్లెట్, ఫ్రెయా కంపెనీ 1906 నుంచి అమ్ముతున్న సరుకు. రెండు పేర్లలోనూ ఉన్నవి అవే రెండు మాటలు. చివర ఏ మాట నిలబడితే చేతికొచ్చే వస్తువు అదే. తెలుగువాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పాలగేదె వేరు, గేదెపాలు వేరు.

రెండో పేరును ఇంకాస్త దగ్గరగా చూడాలి. పాలను నార్వే భాషలో ‘మెల్క్’ అంటారు. చాక్లెట్ పక్కన చేరేసరికి అది ‘మెల్కె’ అయింది. ఆ చిన్న ‘ఎ’కు సొంత అర్థం ఏమీ లేదు. రెండు చెక్కలు కలిసేచోట వడ్రంగి దిగగొట్టే చీల లాంటిది అది. నార్వే మాటల పొడవు చూసి లోకం నోరు తెరుస్తుంది. ఆ భాష పనితనమంతా దాగింది మాత్రం ఇలాంటి చీలల్లోనే.

అలాగని పొడవును పక్కన పెట్టేయలేం. నార్వే భాషలో అతి పొడవైన మాట ఏదని అడిగితే తరచుగా చూపించేది 60 అక్షరాల మాట: ‘మినొరిటేట్స్‌లాడ్నింగ్స్‌బేరెర్‌డిఫ్యుషూన్స్‌కొఎఫిసియెంట్‌మోలింగ్స్‌అపరాటూర్’. ఇది అర్ధవాహకాల భౌతికశాస్త్రానికి చెందినది. సిలికాన్ లాంటి పదార్థంలో విద్యుదావేశాన్ని మోసేవి రెండు రకాలుంటాయి. వాటిలో తక్కువ సంఖ్యలో ఉన్న రకం ఎంత చురుగ్గా చుట్టూ వ్యాపిస్తుందో ఒక గుణకం చెబుతుంది. ఆ గుణకాన్ని కొలిచే పరికరానికి పెట్టిన పేరు ఇది.

ముక్కలు విడదీస్తే ఏడు వస్తాయి. వాటిని వచ్చిన వరసలోనే తెలుగులో పెడితే అల్పసంఖ్య, ఆవేశం, వాహకం, విసరణ, గుణకం, మాపనం, పరికరం. ఒక్క ముక్కను కూడా ముందుకో వెనక్కో జరపనవసరం లేదు. ‘అల్పసంఖ్యావేశవాహకవిసరణగుణకమాపనపరికరం’ అని ఒక్క ఊపిరిలో చెబితే పాతకాలపు తెలుగు పండితుడు కళ్లు మూసుకుని విగ్రహవాక్యం చెప్పేస్తాడు. చివరి మాట పట్టుకుని వెనక్కి నడవడమే పద్ధతి: పరికరం, దేనికి, కొలవడానికి, దేన్ని, గుణకాన్ని, ఏ గుణకం, విసరణది. నార్వే పిల్లలు పొడుగు మాట ఎదురైనప్పుడు చేసేదీ ఇదే.

ఏడు ముక్కల మధ్య ఆరు అతుకులు. వాటిలో నాలుగు చోట్ల ‘ఎస్’ అనే అక్షరం చీలగా దిగింది, రెండు చోట్ల దిగలేదు. దీనికి కారణం ఉంది. ‘ఇటేట్’, ‘ఇంగ్’, ‘షూన్’, ‘హేట్’, ‘స్కాప్’ వంటి ప్రత్యయాలతో ముగిసిన మాటకు ఇంకో మాట తగిలిస్తే మధ్యలో ఎస్ రావాలని నార్వే చెవి కోరుతుంది. వాహకం అనే అర్థమున్న ‘బేరెర్’, గుణకం అనే ‘కొఎఫిసియెంట్’ అలా ముగియలేదు కాబట్టి అవి తర్వాతి మాటను నేరుగా పట్టుకున్నాయి.

ఈ ఎస్ చేసే అందమైన పని మరొకటి ఉంది. అది చూడాలంటే ప్రయోగశాల దాకా వెళ్లక్కర్లేదు, భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే చాలు. వైన్ తాగే గ్లాసు ‘వీన్‌గ్లాస్’. అతుకులో ఏమీ లేదు. ఎర్రవైన్ ‘రోడ్‌వీన్’. దాన్ని తాగే గ్లాసు మాత్రం ‘రోడ్‌వీన్స్‌గ్లాస్’. వైన్‌కూ గ్లాసుకూ మధ్య అంతకుముందు లేని ఎస్ ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? ఎడమవైపు మాట తానే రెండు మాటల జంట అయినప్పుడు, పెద్ద విరుపు ఎక్కడుందో ఆ ఎస్ చూపిస్తుంది. ఎరుపు వైన్‌ది, గ్లాసుది కాదు అని వినేవాడికి ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది. అన్ని మాటలూ ఈ సూత్రానికి కట్టుబడవు. అయినా ఏ వ్యాకరణమూ చదవని నాలుగేళ్ల పిల్ల కూడా ఎక్కడ ఎస్ పెట్టాలో, ఎక్కడ మానేయాలో చాలావరకు తడబడకుండా పలుకుతుంది.

ఈ ఎస్ పుట్టుక షష్ఠీ విభక్తిలో ఉంది. ఒకప్పుడు ‘యొక్క’ అని చెప్పిన ప్రత్యయమే కాలక్రమంలో అరిగిపోయి ఉత్త అతుకుగా మిగిలింది. తెలుగులో ఇల్లు ‘ఇంటి’గా మారి ఇంటిపేరు అయినట్టు, ఏరు ‘ఏటి’గా మారి ఏటిగట్టు అయినట్టు, పన్ను ‘పంటి’గా మారి పంటినొప్పి అయినట్టు. ఔపవిభక్తికం అని మన వ్యాకరణాలు పేరు పెట్టిన మార్పు చేసే పనికి ఆ ఎస్ చేసే పని చాలా దగ్గర.

కలపడంలో చెక్కు తీయడం కూడా ఒక భాగం. నార్వే రాతలో ఒకే హల్లు మూడుసార్లు వరసగా రాకూడదు. రాత్రి ‘నట్’, రైలు ‘టోగ్’. మొదటి మాట చివర రెండు టీలు, రెండో మాట మొదట ఒక టీ. కలిపి రాత్రిరైలు అని రాసేటప్పుడు ఒక టీ రాలిపోయి రెండే మిగులుతాయి. కానీ పుస్తకంలో పంక్తి చివర ఆ మాటను సరిగ్గా అతుకు దగ్గరే విరవాల్సి వస్తే, రాలిన టీ తిరిగి వచ్చి రెండో ముక్క ముందు నిలబడుతుంది. జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు రాసే ‘ఫుట్‌బాలాన్స్‌లాగ్’ మాటలో ఇలాగే ఒక ఎల్ పోయింది. పోవడం వల్ల మొదటి సగం ‘ఫుట్‌బాల్ దేశం’ అన్న మరో మాటలాగా కనిపిస్తుంది. కొత్తగా భాష నేర్చుకునేవాళ్లు అక్కడ ఆగి రెండోసారి చదువుకోవాలి.

నోటిమాటలో మాత్రం ఈ చిక్కు ఉండదు. ఎన్ని ముక్కలున్నా అతికిన మాటకు ప్రధానమైన ఊనిక ఒక్కటే, అదీ సాధారణంగా మొదటి ముక్క మీద. అందుకే చెప్పేటప్పుడు పొరపాటు పడేవాళ్లు ఉండరు. పొరపాటంతా రాతలోనే. కలిపి రాయాల్సిన మాటల మధ్య ఖాళీ వదిలేయడాన్ని నార్వే వాళ్లు ‘సేర్‌స్క్రీవింగ్’ అంటారు, విడిరాత అని. ఆ తప్పు పేరు కూడా రెండు మాటలను కలిపి చేసిందే.

విడిరాత అర్థాన్నే తలకిందులు చేస్తుంది. ‘అననాస్‌బీటెర్’ అంటే అనాస ముక్కలు. మధ్యలో ఖాళీ పెడితే ‘అనాసపండు కరుస్తుంది’ అని వాక్యమైపోతుంది, ఎందుకంటే ముక్కలనే నామవాచకమూ కరుస్తుందనే క్రియా అక్కడ ఒకే రూపంలో ఉంటాయి. ‘స్టెక్ట్ క్యిల్లింగ్‌లేవెర్’ అంటే వేయించిన కోడి కాలేయం. విడదీసి రాస్తే వేయించిన కోడి ఇంకా బతికే ఉందని అర్థం. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ‘రొయ్క్‌ఫ్రిట్’ అన్న మాట. ఇక్కడ పొగ నిషేధం అని చెప్పడానికి రాసే మాట అది. మధ్యలో ఖాళీ వస్తే ‘స్వేచ్ఛగా పొగ తాగండి’ అంటుంది. ఒక్క వేలి వెడల్పు జాగా నిషేధాన్ని ఆహ్వానంగా మార్చేస్తుంది.

అందుకే నార్వేలో ఈ తప్పు మీద పట్టింపు ఎక్కువ. ఉపాధ్యాయులు ఎర్రసిరాతో రెండు ముక్కల కింద విల్లులా గీత గీసి కలుపుతారు. ఓస్లోలో ఖగోళశాస్త్రం చదివినవాళ్లు కొందరు ‘విడిరాతకు వ్యతిరేకంగా ఖగోళ శాస్త్రవేత్తలు’ అని ఒక జట్టుగా కూడి, దుకాణాల్లోనూ పత్రికల్లోనూ కనబడిన ఉదాహరణలను పోగుచేశారు. ఈ తప్పుకు కారణం, మాటల మధ్య ఖాళీ వదిలే ఇంగ్లీషు చదవడం అలవాటవడమేనని కొందరంటారు. నిఘంటువులో దొరకని పొడుగు మాట కింద కంప్యూటర్ ఎర్రగీత గీస్తే జనం భయపడి విడదీస్తున్నారని మరికొందరంటారు. రెండో కారణంలో బలం ఉంది. ఎందుకంటే ఈ భాషలో మాటలన్నీ నిఘంటువులో ఎన్నటికీ ఉండవు. 1930లో మొదలైన ‘నొర్స్క్ ఊర్డ్‌బూక్’ అనే మహానిఘంటువు 12 సంపుటాలుగా 2016లో పూర్తయింది. అందులో మూడు లక్షలకు పైగా పదాలున్నాయి. ఆ పుస్తకం మూసిన సాయంత్రమే ఎవరో ఒక వంటింట్లో, పడవలో, ఆఫీసులో ఇంకో రెండు మాటలు అతికించి ఉంటారు. అది తప్పు కాదు, ఆ భాష మాట్లాడటమంటేనే అది.

పొడవు విషయంలో ఆ దేశంలోనే రెండు దారులున్నాయి. నార్వే భాషకు రెండు అధికారిక రాతలు. డేనిష్ పాలన నుంచి వచ్చిన రాత స్థానికంగా మారి ‘బూక్‌మోల్’ అయింది. రైతుబిడ్డ ఈవార్ ఓసెన్ 1840లలో ఊరూరా తిరిగి, పల్లె మాండలికాలను సేకరించి, 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు వెలువరించి వేసిన పునాది మీద ‘న్యూనొర్స్క్’ లేచింది. 1885లో పార్లమెంటు రెండింటికీ సమాన హోదా ఇచ్చింది. డేనిష్ దారిన వచ్చిన జర్మన్ ప్రత్యయాలను ఓసెన్ వీలైనంత తగ్గించాడు. దాని ఫలితం మాటల పొడవులో ఇప్పటికీ కనిపిస్తుంది. ‘మానవ హక్కుల సంస్థలు’ అనడానికి బూక్‌మోల్‌లో 33 అక్షరాలు కావాలి. న్యూనొర్స్క్‌లో హక్కు అన్న మాట పొట్టిది కాబట్టి 28 సరిపోతాయి. అతికించే పద్ధతి రెండింటిలోనూ ఒక్కటే.

తెలుగు చదువరికి ఈ భాషలో చుట్టరికం తగిలే చోట్లు ఎన్నో. భూకంపం ‘యూర్‌షెల్వ్’: యూర్ భూమి, షెల్వ్ కంపం. టెలివిజన్ ‘ఫ్యేర్న్‌స్యూన్’: దూరం, దర్శనం. పళ్ల డాక్టర్ ‘టాన్‌లేగె’: దంతం, వైద్యుడు. నీటిగుర్రం ‘ఫ్లూడ్‌హెస్ట్’, అక్కడ నది గుర్రం. ఎర్ర టోపీ పాప కథ పేరు నార్వేలో ‘రోడ్‌హెట్టె’: ఎర్రని ముసుగు. ఆ మాట ముసుగును చెప్పదు, ఆ ముసుగు కలిగిన పిల్లను చెబుతుంది. చక్రపాణి అంటే చక్రమూ పాణీ కాకుండా విష్ణువు అయినట్టు. ఇలాంటి మాటలకు నార్వే భాషాశాస్త్ర పుస్తకాల్లో వాడే పేరు కూడా ‘బహువ్రీహి’యే. యూరపు పండితులు 19వ శతాబ్దంలో సంస్కృత వ్యాకరణాలు చదివి ఆ పేరును అలాగే తీసుకున్నారు. పదో తరగతి తెలుగువాచకంలోని పారిభాషిక పదం ఓస్లో తరగతి గదిలో బల్లమీద కనబడుతుంది.

ఆ రాకపోకల్లో ఒక నార్వే మనిషి పేరు గుర్తుంచుకోదగ్గది. స్టెన్ కోనో 1867లో పుట్టాడు. గ్రియర్సన్ నడిపించిన భారత భాషా సర్వేలో పనిచేసి, ముండా, ద్రావిడ భాషల సంపుటాన్ని రాశాడు. 1906లో వచ్చిన ఆ నాలుగో సంపుటంలో తెలుగు గురించిన వివరణ ఆయన చేతి పనే. మాటకు మాట అతికే భాష ఇంటిభాషగా ఉన్నవాడు, తెలుగు మాటలను ముక్కలు చేసి చూశాడంటే ఆ పరిశీలన వెనుక సొంత అనుభవం కొంతైనా ఉండకుండా ఉంటుందా?

పొడవులోనే పందెం పెడితే 60 అక్షరాల నార్వే మాట నిలబడదు. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల విజయనగర ఆస్థానంలో తిరుమలాంబ రాసిన ‘వరదాంబికా పరిణయ చంపువు’లో కంచి ప్రాంతాన్ని వర్ణించే సంస్కృత సమాసం ఒకటి 195 అక్షరాలు సాగుతుంది. గిన్నిస్ పుస్తకం కూడా దాన్ని పేర్కొంది. అది కావ్యంలో విద్వత్తు చూపడానికి అల్లిన దండ. నార్వే సమాసాల బతుకు అలాంటిది కాదు, అవి ఊళ్లో తిరుగుతాయి.

ఈస్టర్ సెలవుల్లో కొండల మీది చెక్క ఇళ్లకు వెళ్లి నేరపరిశోధన నవలలు చదవడం నార్వేలో ఒక ఆచారం. 1923లో ఓస్లో పత్రిక మొదటి పేజీలో ‘బెర్గెన్ రైలు దోపిడీ’ అని వార్తలాగా వచ్చిన నవల ప్రకటన ఆ అలవాటుకు నాంది పలికింది. ఆ చదువుకే ఒక పేరుంది, ‘పోస్కెక్రిమ్’: ఈస్టర్‌నేరం. శీతకాలం తగ్గి మొదటిసారి ఎండలో కూర్చుని తాగే బీరు ‘ఊటెపిల్స్’. భాషామండలి ప్రతి ఏడాదీ ఎంచే ‘ఏటి మాట’లోనూ ఎక్కువగా గెలిచేవి అతికినవే. 2019లో వాతావరణ మార్పు మీద జనం వేసిన కేక ‘క్లీమాబ్రోల్’. 2016లో వలసవచ్చినవాళ్లతో రోజూ మామూలుగా కలిసి మెలగడం ‘వార్డాగ్స్‌ఇంటెగ్రేరింగ్’.

2024లో ప్రభుత్వం ఇంటింటికీ ఒక కరపత్రం పంపింది. కరెంటు, నీళ్లు ఆగిపోయినా వారం రోజులు గడిచేలా సరుకులు దాచుకోమని అందులో చెప్పింది. ఆ ఏడాది గెలిచిన మాట ‘బెరెడ్‌స్కాప్స్‌వెన్’. బెరెడ్‌స్కాప్ అంటే ఆపదకు సిద్ధంగా ఉండటం, వెన్ అంటే నేస్తం. విపత్తు వచ్చిన రోజున ఒకరింట్లో పొయ్యి, ఇంకొకరింట్లో నీళ్లు ఉంటే కలిసి గడుపుదామని ముందే అనుకున్న ఇరుగుపొరుగు మనిషి. ఆ రెండు మాటల మధ్యా, స్కాప్ తర్వాత రావాల్సిన చోట, ఎస్ ఉంది.