అరిగిన కుచ్చు

పాత వాక్యూమ్ క్లీనర్లు పోగుచేసేవాళ్లకు యంత్రం దొరకడం కంటే దాని సరంజామా దొరకడమే కష్టం. సోఫా సందుల్లో దూరే పలచటి మూతి, కర్టెన్ల మీద తిప్పే గుండ్రటి బ్రష్షు, వెనకనుంచి వచ్చే గాలితో రంగు చల్లే సీసా. యంత్రం అటకెక్కేనాటికి ఇవి తలో మూలా చేరిపోతాయి.

1907లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో జేమ్స్ స్పాంగ్లర్ ఒక దుకాణం ఊడ్చే పనిలో ఉండేవాడు. ఉబ్బసం మనిషి, దుమ్ము పడేది కాదు. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి దుమ్ము పీల్చే యంత్రం ఒకటి కట్టి తన తంటా తనే తీర్చుకున్నాడు. మరుసటి ఏడు పేటెంటు వచ్చింది. దాన్ని కొన్న హూవర్ పేరే లోకానికి మిగిలింది. 1950ల నాటికి ఆ పేరుతోనే, తను వదిలిన గాలి మీద తనే తేలే గుండ్రటి యంత్రం కూడా వచ్చింది.

అంత సొగసు చూశాక కూడా నా మనసు ఆ చిన్న బ్రష్షు దగ్గరే ఆగుతుంది. దాని వెంట్రుకలు ఒకవైపే అరిగి ఉంటాయి. ఎవరో ఇల్లాలు ఏళ్ల తరబడి ఒకే వాటంగా పట్టుకుని తుడిచిన గుర్తు అది. ఆమె పేరు ఏ పేటెంటులోనూ ఉండదు. కొత్త కుచ్చు వేస్తే బ్రష్షు బాగుపడుతుంది, ఆ చెయ్యి మాత్రం పోతుంది. ఏది బాగుచేయాలో, ఏది అలాగే ఉంచాలో తేల్చుకోవడమే ఈ సరదాలో సగం పనేమో.