మంచె మీది జ్వరం

ఏజెన్సీ జ్వరాల మీద రాయమని పత్రికవాళ్లు పంపితే, పాడేరు దాటి కొండల్లో ఉన్న ఒక చిన్న పీహెచ్‌సీకి వెళ్లాను. డాక్టరుగారు కాన్పుల గది, మందుల గది అన్నీ తిప్పి చూపించారు. నేను మాత్రం ల్యాబ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

లోపల టెక్నీషియన్ ఒక పిల్లాడి ఉంగరపు వేలు పట్టుకుని, "అమ్మ వైపు చూడు నాన్నా" అంటూనే సూది పొడిచేశాడు. స్లైడు మీద ఒకపక్క రక్తపు బొట్లు కలిపి మందంగా పూశాడు. రెండోపక్క ఇంకో స్లైడు అంచుతో ఒక్క లాగుడు లాగాడు. రక్తం నాలుక ఆకారంలో పరుచుకుని, కొసకు వచ్చేసరికి పల్చబడి ఆగింది. ఎన్నేళ్లు చేస్తే వస్తుందో ఆ ఒడుపు! ఆరాక రంగు వేసి, నూనె బొట్టు పెట్టి, మలేరియా క్రిమి కోసం మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు. మందపాటి పూతలో 100 ఫీల్డులు చూడనిదే నెగటివ్ అని రాయకూడదు.

"పావుగంటలో తేల్చే కిట్ ఉందిగా?" అన్నాను.

"ఊళ్లో ఆశా చేతిలో అది ఉండాల్సిందే సార్, ప్రాణాలు నిలబెడుతుంది. కానీ ఫాల్సిపారం మలేరియా తగ్గిపోయినా కిట్‌లో వారాల తరబడి గీత పడుతూనే ఉంటుంది. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే ఇందులోనే చూడాలి."

ఆయన రిజిస్టరులో పేరు, వయసు, ఊరు, ఫలితం అయిపోయాక అంచున పెన్సిలు రాతలున్నాయి. ఒకసారి ఒకే గూడెం నుంచి వరసగా ఫాల్సిపారం స్లైడులు వచ్చాయట. ఇళ్లకు స్ప్రే అయింది, దోమతెరలూ ఇచ్చారు. "రాత్రిళ్లు వీళ్లు ఎక్కడ పడుకుంటున్నారమ్మా?" అని ఆశా కార్యకర్తను అడిగాడు. పోడు చేలకు పందుల కాపలా, మంచెల మీద పడక! సిబ్బంది మంచెల దగ్గరికే వెళ్లి రక్తం తీశారు, తెరలు అక్కడే కట్టించారు. వ్యాధి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు వస్తోందని అడగడమే ప్రబలిన జ్వరానికి మొదటి మందు. ఇప్పుడు వ్యాధుల నిఘా ఆన్‌లైన్ అయింది. మంచిదే. కానీ ఆ ప్రశ్న అడిగే మనిషి లేకపోతే అందులో ఎక్కేవి అంకెలే.

ఆ మనిషినే మనం నిలుపుకోవడం లేదు. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. వారంలో సగం రోజులు పక్క పీహెచ్‌సీ పని కూడా ఆయనదే. ఇక్కడ స్లైడులు పేరుకుపోతాయి. వసారాలో ఆశా కార్యకర్త ఎవరితోనో అంటోంది: "ఫలితం వచ్చీసరికి ముసిలాయన కూలికి కొండ దిగి ఎల్లిపోనాడు బాబూ. మందెవరికియ్యాలి?" వైవాక్స్ మలేరియా అయితే 14 రోజులు ప్రైమాక్విన్ మింగించాలి, లేదంటే కాలేయంలో దాగిన క్రిమి మళ్లీ లేస్తుంది. ఫాల్సిపారం అయితే అంత గడువు కూడా ఇవ్వదు.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాదులోనే, మైక్రోస్కోపులోనే. అలాంటి దేశంలో ఈయన పక్కన కూర్చుని పని నేర్చుకునే కుర్రవాడు ఒక్కడూ కనపడలేదు. ఈయన ఉండగానే ఇద్దరిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి, పర్మనెంటు జీతం మీద.